మీకు తెలుసా? అటక మీది పాటల పెట్టె

మా తాతగారి గ్రామఫోను ఇప్పుడు నా గదిలో కిటికీ పక్కన ఉంటుంది. నల్లటి పెట్టె. మూత తెరిస్తే ఆకుపచ్చ మఖమలు గుడ్డ పరిచిన పళ్లెం, దాని మీదికి కొంగలా మెడ వంచిన సౌండ్ బాక్సు. పక్కనున్న కన్నంలో హ్యాండిల్ పెట్టి కీ తిప్పుతుంటే లోపల స్ప్రింగు కరకరమంటూ బిగుస్తుంది. ప్లేటు మీద ముల్లు ఆనించగానే ముందు చిటపటలు, కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు. ఆ వెనకే పాట. ఆ చిటపటలు వినకపోతే నాకు ఆదివారం తెల్లవారినట్టు ఉండదు.

పాత ప్లేట్లు, క్యాసెట్లు, వాల్వు రేడియోలు పోగు చేస్తూ వచ్చాను. వాటితోపాటు కథలూ పోగయ్యాయి. ఈసారి ‘మీకు తెలుసా?’ నిండా ఆ కథలే.

పాటను మోసింది ఒక పురుగు

మన తాతల కాలం నాటి గ్రామఫోను ప్లేటు ప్లాస్టిక్కు కాదు, లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికే చిన్న చిన్న లక్క పురుగులు వేలకు వేలు చేరి, తమ చుట్టూ బంకలాంటి పొర కట్టుకుంటాయి. కొమ్మల మీద నుంచి దాన్ని గీకి, కడిగి, కరిగించి, పలచటి రేకులుగా సాగదీస్తే షెల్లాక్. అందులో మెత్తటి రాతిపొడి, నలుపు కోసం మసి, కాస్త నూలు పీచు కలిపి, వేడి మీద అచ్చులో నొక్కితే ప్లేటు తయారవుతుంది.

ప్రపంచానికి కావలసిన లక్కలో పెద్ద వాటా మన దేశం నుంచే వెళ్లేది. లండన్‌లో, న్యూయార్కులో ఏ ఇంట్లో పాట మోగినా దాని వెనక మన అడవిలో లక్క ఏరిన చేతులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రవాణాకు అడ్డంకులు వచ్చాయి. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీలో లక్క వాడకం మీద ఆంక్షలు పెట్టింది. పాత ప్లేట్లు సేకరించి, కరిగించి, వాటితోనే కొత్త పాటలు అచ్చువేశారు.

లక్కతో మనకున్న చుట్టరికం పాతదే. పాండవుల కోసం కట్టిన ఇల్లు లక్కదే. హైదరాబాదు లాడ్ బజారులో మెరిసే గాజులు లక్కవే. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో, గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి బొమ్మకు రంగు పడుతుంది. అక్కడ తిరిగే కర్ర మీద బొమ్మయిన లక్కే ఇక్కడ తిరిగే పళ్లెం మీద పాటయింది.

స్పిరిట్ తగలనివ్వకండి

లక్క ప్లేటును స్పిరిట్‌తో గానీ, శానిటైజరుతో గానీ తుడవకూడదని తెలుసా? వడ్రంగులు లక్క పాలిష్‌ను కలుపుకునేది స్పిరిట్‌లోనే. అది తగిలితే చెక్క మీద లక్క ఎలా కరుగుతుందో, ప్లేటు మీద గాడి కూడా అలాగే కరుగుతుంది.

ఈ సంగతి నేను పదమూడేళ్ల వయసులో నేర్చుకున్నాను. దుమ్ము పోయి ప్లేటు తళతళలాడుతుందని దూదిని స్పిరిట్‌లో ముంచి గట్టిగా తుడిచాను. నల్లదనమంతా దూదికి వచ్చేసింది. తాతగారు చూశారు. ఒక్క మాట అనలేదు. ఆ ప్లేటును మళ్లీ దాని కాగితం కవరులో పెట్టి, మిగతా వాటి మధ్యలో, దాని చోటులోనే నిలబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది. పాట మాత్రం లేదు.

పాట చివర పేరు ఎందుకు చెప్పేది?

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన దేశంలో రికార్డింగులు మొదలుపెట్టాడు. అప్పటికి రికార్డింగుకు మైకు లేదు. గోడలోంచి పొడుచుకొచ్చినట్టున్న పెద్ద బాకాలో తల దాదాపు దూర్చి, గొంతెత్తి పాడాలి. ఆ శబ్దపు అదురుకే అవతల మైనపు పళ్లెం మీద గీత పడేది.

అలా పాడిన తొలి తరంలో అందరికంటే పెద్ద పేరు గౌహర్ జాన్‌ది. పాట పూర్తికాగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించేది. అది దర్పం కోసమని అనుకుంటారు. అసలు సంగతి వేరు. అప్పట్లో ఆ మైనపు పళ్లేలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి, అక్కడ ప్లేట్లుగా అచ్చయి తిరిగొచ్చేవి. మన భాష ఒక్క ముక్క రాని అక్కడి పనివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి, లేబులు సరిగా అంటించాలి. అందుకని పాటలోనే చిరునామా రాసి పంపినట్టుగా ఆ ప్రకటన. ఆమె 1930లో మైసూరులో కన్నుమూసింది. ఆ ప్లేట్లలో పాట ఆగిన మరుక్షణం వినిపించే ఆ చివరి మాట ఇప్పటికీ అంతే ధీమాగా ఉంటుంది.

మూడు నిమిషాల పాట ఎవరు పెట్టిన లెక్క?

సినిమా పాట అనగానే మూడు, నాలుగు నిమిషాలని మన చెవికి అలవాటు. ఆ కొలత ఏ సంగీత శాస్త్రంలోనూ లేదు. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంటే ఒక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలు. అంతే. ఆలాపనకే గంట పట్టే రాగాన్ని కూడా విద్వాంసులు ఆ మూడు నిమిషాల్లోకి కుదించారు. ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ముగించాలి అన్న పొదుపు వాళ్లకు పట్టుబడింది. ఆ ప్లేట్లలో వృథాగా పోయిన స్వరం ఒక్కటి కూడా నాకు వినబడలేదు. చిన్న చెంబులో పట్టిన తీర్థంలా ఉంటుంది ఆ సంగీతం.

కుక్క ముందు మొదట ఉన్నది గ్రామఫోను కాదు

బాకా ముందు చెవి వాల్చి కూర్చున్న కుక్క బొమ్మ తెలియని ఇల్లు ఒకప్పుడు లేదు. మనవాళ్లు కంపెనీ పేరు పలకలేకపోయినా ‘కుక్క బొమ్మ రికార్డు’ అనేవారు. ఆ కుక్క పేరు నిప్పర్. ఇంగ్లండులో నిజంగా బతికింది, 1895లో చనిపోయింది. యజమాని చనిపోయాక ఆయన తమ్ముడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ దాన్ని పెంచాడు. అది పోయిన తర్వాత జ్ఞాపకం మీద గీసిన బొమ్మ అది.

మొదట ఆయన గీసింది గొట్టం మీద పాడే ఫోనోగ్రాఫు. 1877లో ఎడిసన్ కనిపెట్టిన తరహా యంత్రం. పళ్లెం మీద పాడే గ్రామఫోను ఎమిల్ బెర్లినర్‌ది, 1887 నాటిది. బొమ్మను ఫోనోగ్రాఫు కంపెనీ వద్దంది. గ్రామఫోన్ కంపెనీ మాత్రం, కుక్క ముందున్న యంత్రాన్ని మార్చి తమ గ్రామఫోను వేస్తే కొంటామంది. 1899లో 100 పౌండ్లకు బేరం కుదిరింది. బరాడ్ పాత యంత్రం మీదే కొత్తది వేశాడు. అసలు చిత్రాన్ని ఒక వాలులో చూస్తే కింది ఫోనోగ్రాఫు ఛాయ ఇప్పటికీ కనిపిస్తుందంటారు.

‘ఆల్బమ్’ అన్న మాట ఎలా వచ్చింది?

ఇప్పుడు ఫోనులో కనిపించే పాటల ఆల్బమ్‌కు పుటలు లేవు. ఒకప్పుడు ఉండేవి. పెద్ద సంగీత రచన గానీ, నాటకం గానీ ఒక్క ప్లేటులో పట్టదు. నాలుగైదు ప్లేట్ల సెట్టుగా వచ్చేది. వాటిని మందపాటి కాగితం జేబులున్న అట్ట పుస్తకంలో పెట్టి ఉంచేవారు, అచ్చం ఫొటోల ఆల్బమ్‌లాగే. పుస్తకం పోయింది, పేరు నిలిచింది.

ముల్లు మార్చితే గొంతు మారుతుంది

కీ గ్రామఫోనుకు సౌండు పెంచే మీట ఉండదు. మరి నెమ్మదిగా వినాలంటే? ముల్లు మార్చాలి. లావు ముల్లు పెడితే గట్టిగా, సన్న ముల్లు పెడితే మెత్తగా మోగుతుంది. ఆ ముళ్లు చిన్న రేకు డబ్బాల్లో వచ్చేవి, మూత మీద అదే కుక్క.

ఉక్కు ముల్లును ఒక పక్క పాటకు ఒక్కసారే వాడాలన్నది నియమం. ప్లేటులో కలిపిన రాతిపొడి ముల్లును అరగదీసి, గాడికి సరిపడేలా చెక్కుతుంది. అదే ముల్లు మళ్లీ వాడితే అరిగిన దాని అంచు గాడిని కోస్తుంది. పైసకు పైస కూడబెట్టుకునే ఇళ్లలో ఆ నియమం సాగలేదు. ముల్లు మొద్దుబారేదాకా వాడారు. మనకు దొరికే పాత ప్లేట్లలో చాలా వాటి బొంగురు గొంతుకు కారణం అదే. ఒక ప్లేటు ఎంత బొంగురుపోతే, ఆ ఇంట్లో దాన్ని అంత ఇష్టంగా విన్నారని అర్థం.

ప్లేటు కాపాడిన రాష్ట్ర గీతం

ఇది తెలుగువాళ్లందరూ తెలుసుకోవలసిన సంగతి. ‘మా తెలుగు తల్లికి’ పాటను శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ (1942) సినిమా కోసం రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. తెరకెక్కని పాటలు ఎన్ని కాగితాల్లోనే చెదలు పట్టిపోయాయో లెక్క లేదు. ఇది పోలేదు. ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె టంగుటూరి సూర్యకుమారి దాన్ని పాడారు, గ్రామఫోను రికార్డుగా వచ్చింది. ఆ ప్లేటు ఇంటింటికీ వెళ్లింది. సభల్లో, బడుల్లో మోగి, ఆఖరికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతంగా నిలిచింది.

సినిమా వదిలేసిన పాటను పది అంగుళాల లక్క బిళ్ల బతికించింది. పాత రికార్డులు ఎందుకు దాచాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

‘అరిగిపోయిన రికార్డు’

చెప్పిందే చెప్పేవాణ్ణి ‘అరిగిపోయిన రికార్డు’ అంటాం. గాడి అరిగి గోడ తెగినచోట ముల్లు ముందుకు పోలేక పాత చుట్టులోకే జారుతుంది. 78 ప్లేటు ఒక చుట్టు తిరగడానికి ముప్పావు సెకను. అంటే ముప్పావు సెకనుకోసారి అదే ముక్క, మళ్లీ అదే ముక్క. ఎవరో ఒకరు లేచి సౌండ్ బాక్సును చిటికెన వేలితో ముందుకు నెట్టాలి.

తిరునాళ్లలో ‘రికార్డింగ్ డాన్సు’ అనే మాటకూ ఈ ప్లేట్లే తల్లి. పాడేవాళ్లు లేకుండా రికార్డు పెట్టి ఆడేది కాబట్టి ఆ పేరు. రికార్డులు పోయి పెన్‌డ్రైవులు వచ్చినా మాట మారలేదు.

78 ప్లేటు మీద బీటిల్స్

లండన్‌లో, అమెరికాలో 78 ప్లేట్లు పాతబడి మూలన పడ్డాక కూడా మన దేశంలో 1960ల్లో అవి అచ్చవుతూనే ఉన్నాయి. కారణం సులువు. కరెంటు లేని ఊళ్లలో కీ ఇస్తే పాడేది ఆ పెట్టె ఒక్కటే. అందుకే కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలు సైతం 78 ప్లేట్లుగా వచ్చాయి. ఆ ప్లేట్ల కోసం ఈనాడు ప్రపంచమంతటా సేకర్తలు వెతుకుతున్నారు.

ఎల్.పీ.కి ఎన్ని గాళ్లు?

వందల కొద్దీ అనిపిస్తుంది చూస్తే. లెక్కకు ఒక పక్కన ఉండేది ఒకే ఒక్క గాడి. జంతికల గొట్టంలోంచి దిగిన చక్రంలా అంచు నుంచి నడిమి దాకా తెగకుండా చుట్టుకున్న గీత అది. 22 నిమిషాల ఎల్.పీ. పక్కలో ఆ గీతను విప్పి పరిస్తే దాదాపు అర కిలోమీటరు పొడవు. 1948లో వచ్చిన ఈ వినైల్ ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది.

స్టీరియో రికార్డులో ఇంకో చిత్రం. గాడికి రెండు గోడలు. ఎడమ స్పీకరు పాట ఒక గోడ మీద, కుడి స్పీకరు పాట మరో గోడ మీద. వెంట్రుకంత సందులో నడిచే ఒక్క ముల్లు రెండింటినీ ఒకేసారి చదువుతుంది.

ఈ ఎల్.పీ. రావడంతో పాటకు తీరిక దొరికింది. ఘంటసాల పుష్పవిలాపానికి 78 ప్లేటు చాలింది. ఆయన భగవద్గీతకు, శ్లోకానికి తాత్పర్యం జోడిస్తూ నింపాదిగా సాగడానికి, ఎల్.పీ. కావలసి వచ్చింది.

ఆకాశవాణి బాణీ కట్టిందెవరు?

తెల్లవారుజామున స్టేషను మొదలయ్యే ముందు వినిపించే ఆకాశవాణి సంకేత సంగీతాన్ని మన శివరంజని రాగపు ఛాయలో కూర్చినవాడు వాల్టర్ కాఫ్‌మన్. మధ్య యూరపు యూదుడు. నాజీల కాలంలో అక్కడ బతుకు దుర్భరమై 1934లో బొంబాయి చేరి, తర్వాత అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం నడిపాడు. ఊరు వదిలి వచ్చిన మనిషి కూర్చిన ఆ కొద్ది క్షణాల స్వరంతో మన పల్లెల్లో తరాల తరబడి పొద్దు పొడిచింది.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తర్వాత ‘భక్తిరంజని’ ఎంతమందికి గడియారమైందో! ఆ పాటలు అయ్యేలోగా కళ్లాపి చల్లాలి, వార్తలు వచ్చేసరికి కాఫీ దిగాలి.

ఆ రేడియో ఉంచుకోవడానికి ఒకప్పుడు లైసెన్సు కావలసి వచ్చేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవలసి వచ్చేది. మా ఇంటి పుస్తకం నా దగ్గర ఉంది. పోస్టాఫీసు ముద్రలు వరుసగా, ఒక్క ఏడాదీ తప్పకుండా. ఆ గుండ్రటి ముద్రలను చూస్తే, నెల జీతంలోంచి పాట కోసం పక్కన పెట్టిన రూపాయలు గుర్తొస్తాయి.

చెక్కముక్కలోంచి పుట్టిన క్యాసెట్టు

ఫిలిప్స్ ఇంజనీరు లూ ఓటెన్స్ క్యాసెట్టు తయారు చేయడానికి ముందు ఒక చెక్కముక్క కోయించాడు. అది తన కోటు జేబులో పట్టాలి. ఎంత పట్టిందో అంతే సైజు అని నిర్ణయం. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో క్యాసెట్టు లోకానికి కనిపించింది.

అందులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. గంట క్యాసెట్టులో ఉండేది 85 మీటర్ల పైచిలుకు టేపు. అది చిక్కుపడి బయటికి వచ్చినప్పుడు ఎంత ఓపికగా చుట్టుకున్నామో ఇప్పుడు అర్థమవుతుంది కదా! పలకల పెన్సిలు క్యాసెట్టు కన్నంలో అచ్చంగా సరిపోతుంది. ఆ సంగతి ప్రతి పిల్లవాడికీ ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

వెనక అంచున రెండు చిన్న రెక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. మా అమ్మ పాడిన మంగళహారతి ఉన్న క్యాసెట్టుకు ఆ రెండు రెక్కలూ నేనే విరిచాను. పాట మధ్యలో కుక్కరు విజిలు కూడా ఉంది. ఆ విజిలు నాకు పాటంత ప్రియం.

నక్షత్రాల దారిలో తెలుగు గొంతు

చివరిగా, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1977లో నాసా పంపిన రెండు వోయేజర్ నౌకల మీద ఒక్కొక్క రికార్డు ఉంది. పన్నెండు అంగుళాల రాగి పళ్లెం, బంగారు పూత. నిమిషానికి 16⅔ చుట్లు. వినడానికి ముల్లు కూడా తోడు పంపారు, ఎలా వాయించాలో మూత మీద బొమ్మలు గీశారు. అందులో బాఖ్, బీథోవెన్‌లతో పాటు మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి ఉంది. 55 భాషల్లో పలికిన శుభాకాంక్షల్లో తెలుగూ ఉంది. 2012లో వోయేజర్ 1 సూర్యుని ప్రభావ వలయం దాటి నక్షత్రాల మధ్య ఆకాశంలోకి వెళ్లింది. అంటే మన భాషలో ఒక చిన్న పలకరింపు గ్రామఫోను ప్లేటెక్కి ఇప్పటికీ ప్రయాణం చేస్తూనే ఉంది.

మనిషి తన గొంతును యుగాల పాటు దాచాలనుకున్నప్పుడు నమ్మింది ఒక పళ్లేన్ని, దాని మీద ఒక గాడిని, ఒక ముల్లును.

అలాంటి పళ్లేలు మన అటకల మీద దుమ్ములో ఉన్నాయి. పాత సామాన్లవాడి తూకానికి వేసే ముందు ఒక్కసారి దించి చూడండి. నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. అంచులు పట్టుకోండి, గాడి మీద వేళ్లు ఆననివ్వకండి. మెత్తటి పొడి గుడ్డతో గాడి వెంబడి తుడవండి. ఎండ తగలనివ్వకండి. క్యాసెట్లను స్పీకర్లకు దూరంగా ఉంచి, ఏడాదికోసారి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ఇంట్లోవాళ్ల గొంతులున్న క్యాసెట్లుంటే ముందు వాటిని కంప్యూటరులోకి ఎక్కించండి. సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. మీ అమ్మమ్మ గొంతు ఆ ఒక్క టేపులోనే ఉంటుంది.